పియోనీ కావాలా? బెంగళూరులో అయితే డేలియా పెంచండి: దుంప నుంచి పువ్వు దాకా

ముందే చెప్పేస్తున్నా, బెంగళూరులో పియోనీ పూయదు. కుండీలో పెట్టినా, నేలలో పెట్టినా, ఎవరో వీడియోలో చెప్పారని మొక్క మొదట్లో ఐస్ ముక్కలు పోసినా పూయదు. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు, ఎందుకంటే ఈ మధ్య పెళ్లి డెకరేషన్లలో, ఇన్‌స్టాలో, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లొచ్చిన పెద్దవాళ్ల ఫోన్లలో ఎక్కడ చూసినా ఆ లేత గులాబీ రంగు ముద్ద పువ్వే కనిపిస్తోంది, చూసిన ప్రతివాళ్లకీ అది మన బాల్కనీలో ఉంటే బావుండు అనిపిస్తోంది. అలా అనిపించిన వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. పియోనీ ఎందుకు కుదరదో ముందు చెప్పి, దాని బదులు ఈ ఊరికి సరిగ్గా సరిపోయే డేలియాని ఎలా పెంచాలో, పూలయ్యాక ఆ దుంపని మళ్లీ ఏడాదికి ఎలా కాపాడుకోవాలో వివరంగా చెప్తాను.

పియోనీతో వచ్చిన చిక్కు

పియోనీ చలిదేశాల మొక్క. శీతాకాలం రాగానే పైన ఉన్నదంతా ఎండిపోతుంది, కింద దుంపవేరు మట్టిలో నిద్రపోతుంది. ఆ నిద్రలో సున్నాకీ 4 డిగ్రీలకీ మధ్య ఉండే చలి దాదాపు 500 నుంచి 1000 గంటలు తగిలితేనే వసంతంలో మొగ్గ వేస్తుంది. బెంగళూరులో జనవరి రాత్రులు మామూలుగా 15, 16 డిగ్రీలు. ఈ ఊళ్లో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరిలో. ఆ రాత్రి కూడా పియోనీకి చాలదు. చెన్నైవాళ్లు ఇక అడగనే అక్కర్లేదు.

ఫ్రిజ్‌లో పెడితే కుదరదా అని వెంటనే అడుగుతారు. దుంపకి చలి అయితే ఇవ్వొచ్చు. బయటికి తీశాక దానికి రెండు మూడు నెలల చల్లటి వసంతం కావాలి, మనకేమో ఫిబ్రవరి దాటగానే ఎండ 32, 33కి పోతుంది, మొగ్గ గోలీ సైజులో ఉండగానే మాడిపోతుంది. ఒకవేళ ఒక పువ్వు వచ్చినా మళ్లీ ఏడాది ఫ్రిజ్‌లో కూరగాయలు తీసేసి కుండీ పెట్టాలి. అంత అవసరమా?

అసలు జాగ్రత్తగా ఉండాల్సింది విత్తనాల విషయంలో. ఆన్‌లైన్‌లో నీలం, పచ్చ, ఇంద్రధనుస్సు రంగుల పియోనీ విత్తనాలని ప్యాకెట్లు అమ్ముతుంటారు. నిజమైన నీలం రంగు పియోనీ అనేది ప్రపంచంలో లేదు. పైగా పియోనీ విత్తనం మొలవాలంటే ముందు కొన్ని నెలల వెచ్చదనం, తర్వాత కొన్ని నెలల చలి వరసగా తగలాలి, మొలిచాక పువ్వు చూడడానికి నాలుగైదేళ్లు పడుతుంది. 'నలభై రోజుల్లో పూలు' అని రాసి ఉంటే ఆ పేజీ మూసేయండి.

మన దేశంలో పియోనీ లేదని కాదు. కాశ్మీర్, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో తెల్లటి హిమాలయ పియోనీ అడవిలో దానంతటదే పూస్తుంది, యునానీ వైద్యంలో దాని వేరుని ఊద్ సలీబ్ అంటారు. కొండ దిగితే మాత్రం రాదు.

న్యూజెర్సీలోనో షికాగోలోనో మీ అబ్బాయికో అమ్మాయికో పెరడు ఉందా, అక్కడ మాత్రం నిక్షేపంగా పెట్టించండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో, మూడు నుంచి ఐదు కళ్లున్న (మొలక వచ్చే మొగ్గలనే కళ్లంటారు) దుంప, రోజూ కనీసం 6 గంటలు ఎండ తగిలే చోట. కన్ను మట్టి కింద అంగుళం, మహా అయితే రెండంగుళాలు ఉండాలి, అంతకంటే లోతు పోతే ఆకులు బాగానే వస్తాయి కానీ పువ్వు రాదు. మొగ్గల మీద చీమలు పాకుతుంటే మందు కొట్టొద్దని చెప్పండి, అవి మొగ్గ మీద ఊరే తీపి కోసం వస్తాయి, మొక్కకి ఏ హానీ చేయవు. ఒకసారి పెట్టాక కదపకుండా వదిలేస్తే ఆ మొక్క 50 ఏళ్లు కూడా బతుకుతుంది. మొదటి రెండేళ్లు పూలు సరిగ్గా రాలేదని పీకి వేరే చోట పెడితే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

డేలియా ఎందుకు?

డేలియా పుట్టిల్లు మెక్సికో ఎత్తు ప్రాంతాలు. 1963లో ఆ దేశం దాన్ని జాతీయ పుష్పంగా ప్రకటించుకుంది. వానాకాలంలో ఎదగడం, చల్లటి రాత్రుల్లో పూయడం, వానలు లేని పొడి నెలల్లో దుంపగా నిద్రపోవడం దాని పద్ధతి. 900 మీటర్ల ఎత్తున, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగలు 27, 28, రాత్రి 16, 17 డిగ్రీలుండే బెంగళూరు దానికి నచ్చకపోతే ఇంకేం నచ్చుతుంది? బంతి, చామంతి కుటుంబమే ఇది, కాబట్టి మన చేతికి పూర్తిగా కొత్త మొక్క కూడా కాదు.

ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చెప్పరు. డేలియా మార్చి నెలాఖరు నుంచి జూలై దాకా నిద్రపోతుంది, అంటే ఊళ్లో నీళ్లకి కటకట వచ్చే నెలల్లో దానికి నీళ్లే అక్కర్లేదు. 2024 మార్చిలో బోరుబావులెండి, తాగేనీళ్లు మొక్కలకి పోస్తే 5 వేల రూపాయల జరిమానా అని జలమండలి ఆదేశమిచ్చినప్పుడు మిద్దెతోటల వాళ్లు పడ్డ టెన్షన్ గుర్తుండే ఉంటుంది. అలాంటి వేసవి మళ్లీ వచ్చినా డేలియా దుంపలు అటక మీద హాయిగా ఉంటాయి.

ఏ రకం కొనాలి

ఇక్కడ పేరు చూసి మోసపోయే అవకాశం ఉంది. డేలియాల్లో 'పియోనీ రకం' అని ఒక వర్గం నిజంగానే ఉంది, కానీ అది మీరనుకునే ముద్ద పువ్వు కాదు, రెండు మూడు వరసల రేకులు, మధ్యలో పసుపు దిమ్మ బయటికి కనిపిస్తూ ఉంటుంది. అందంగానే ఉంటుంది, తేనెటీగలకీ ఇష్టం. మీకు కావల్సింది ఫోటోల్లో చూసే 'సారా బెర్న్‌హార్ట్' పియోనీ లాంటి నిండు పువ్వు అయితే 'డెకరేటివ్' రకం అడగండి. రేకులు వెడల్పుగా, వరసల మీద వరసలుగా, మధ్య దిమ్మ కనపడకుండా ఉండేది అదే. బాల్, పాంపాన్ రకాలు చిన్నవి, గుండ్రటివి, వానకీ గాలికీ తట్టుకుంటాయి, మొదటిసారి పెంచేవాళ్లకి నేనైతే ఇవే చెప్తాను. విందు కంచం అంత పూసే భారీ రకాలు రెండో ఏడాదికి పెట్టుకోండి.

పెళ్లి ఫోటోల్లో కనిపించే పాలకాఫీ రంగు డేలియా పేరు 'కఫే ఓ లే', 1967 నాటి డచ్ రకం. దాని మీద మోజుతో ఎక్కువ ధర పెట్టి దుంప తెప్పించుకునే వాళ్లున్నారు. ఆ రంగు ఎండని బట్టి, వేడిని బట్టి మారుతుంది, ఒక మొక్కలోనే ఒక పువ్వు క్రీమ్‌గా, ఇంకోటి గులాబీగా వస్తుంది, అది తెలిసే కొనండి. నీలం డేలియా మాత్రం పియోనీలో లేనట్టే ఇందులోనూ లేదు.

ఎక్కడ కొనాలి అంటే, జనవరిలో రిపబ్లిక్ డేకి లాల్‌బాగ్‌లో జరిగే పూల ప్రదర్శనకి వెళ్లండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది, 1889లో శంకుస్థాపన చేసిన గాజు మేడలో అలంకారం చూడడానికి జనం విరగబడతారు. జనాన్ని కాసేపు వదిలేసి బయట వరసల్లో పెట్టిన కుండీల దగ్గర ఆగి, ఏ రకం ఏ సైజు కుండీలో ఎంత ఎత్తు పెరిగిందో ఫోటో తీసుకోండి. అక్కడ కుండీలో బాగా పూసినదే మీ ఇంట్లోనూ పూసే అవకాశం ఎక్కువ. కొనడం మాత్రం సెప్టెంబరులో. నర్సరీల్లో తెలుగు మాట్లాడేవాళ్లు బాగానే దొరుకుతారు, లేకపోతే కన్నడంలో 'డేలియా గెడ్డె ఇదెయా' అంటే సరిపోతుంది.

దుంప కొంటే మూడు సంగతులు చూడాలి. గట్టిగా ఉండాలి, కొద్దిగా ముడతలు పడినా పర్లేదు, నొక్కితే మెత్తగా దిగిపోతే వద్దు. మెడ విరిగి ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కన్ను ఉండాలి. ఆలుగడ్డకి ఒళ్లంతా కళ్లుంటాయి, డేలియాకి అలా కాదు, పాత కాడ మొదలుకి దుంప అతుక్కునే చోట, ఆ మెడ పైభాగంలోనే కన్ను ఉంటుంది. ఆ భాగం లేని దుంప ఎంత లావుగా, ఎంత నిగనిగలాడుతూ ఉన్నా చచ్చినా మొలవదు. ఆన్‌లైన్‌లో విడి దుంపలు తెప్పించేవాళ్లు పార్శిల్ విప్పగానే చూడాల్సింది ఇదే. కన్ను తెలియకపోతే తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొట్టు) రెండు వారాలు పెట్టి చూడండి, ఉంటే ఉబ్బి లేత ఎరుపుగానో ఆకుపచ్చగానో బయటపడుతుంది.

ఇదంతా తలనొప్పి అనుకుంటే చిన్న కవర్లలో అమ్మే కటింగు మొక్కలు, అంటే రెమ్మ కోసి వేళ్లు దింపినవి, కొనండి. అదే రకం, అదే రంగు గ్యారంటీ, పైగా చవక. విత్తనాల నుంచి వచ్చే పొట్టి డేలియాలు కూడా సరదాగా ఉంటాయి కానీ ఏ రంగు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

ఎప్పుడు నాటాలి

సెప్టెంబరు రెండో వారం నుంచి అక్టోబరు మధ్య దాకా. జూన్‌లో పెట్టి ఆగస్టులో పూయించేవాళ్లూ ఉన్నారు, బెంగళూరులో అది అవుతుంది కూడా, కానీ వానకి పువ్వు నీళ్లు నిండి మెడ వంచేస్తుంది, నత్తలు ఆకులు తినేస్తాయి, మొదటి ఏడాదే ఈ గొడవ ఎందుకని నా ఉద్దేశం. నవంబరు దాకా ఆగడం ఇంకా పెద్ద తప్పు. డిసెంబరులో ఇక్కడ పగలు 11 గంటల 20 నిమిషాలకి తగ్గుతుంది, పగలు పొట్టిదైతే డేలియా ఎదుగుదల మానేసి కింద దుంప కట్టుకునే పనిలో పడుతుంది. ఆ లోపే మొక్క పొదలా తయారై ఉండాలి.

కుండీ, మట్టి

పొట్టి రకాలకి 8 అంగుళాల కుండీ చాలు. డెకరేటివ్ రకాలకి 12 అంగుళాలు, భారీ రకాలకి 14. సిమెంటు కుండీ బాల్కనీకి బరువు, నల్ల ప్లాస్టిక్ ఎండకి కాగుతుంది, మట్టి కుండీ లేదా గ్రో బ్యాగ్ మేలు. అడుగున రంధ్రాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, ఒకటే ఉంటే ఇంకో మూడు పెట్టండి.

మట్టి కలిపే లెక్క నేను చెప్పేది ఇది: ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్ట్ ఒక వంతు, మిగతా వంతులో సగం కోకోపీట్, సగం ముతక ఇసుక. కోకోపీట్ రెండు మూడుసార్లు కడిగి వాడండి, ఉప్పు పోవాలి. నది ఇసుక దొరక్కపోతే ఎం-సాండ్‌ని (రాయి నలగ్గొట్టి చేసే ఇసుక) జల్లెడ పట్టి, దుమ్ము పోయేలా కడిగి వాడొచ్చు. కుండీకి ఒక గుప్పెడు వేప పిండి. ఎముకల పొడి చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది, ఇంట్లో అది ఒప్పుకోకపోతే రాక్ ఫాస్ఫేట్ ఒక గుప్పెడు వేయండి, పని అదే చేస్తుంది. కలిపాక తడిపి గుప్పిట్లో పట్టి నొక్కండి: ముద్ద కట్టాలి, వేలితో తాకగానే విడిపోవాలి. విడిపోకపోతే ఇసుక ఇంకాస్త పడాలి. ఈ ఒక్క పరీక్షలో బద్ధకించకండి, డేలియా చావడానికి మొదటి కారణం కుండీలో నిలిచే నీళ్లే.

కుండీ పెట్టే చోటు గురించి ఒక మాట. రోజూ కనీసం 5, 6 గంటలు ఎండ రావాలి. తూర్పు ముఖం బాల్కనీ అయితే పొద్దుటి ఎండ పూర్తిగా అందుతుంది, అదే అన్నిటికంటే మంచిది. పడమర బాల్కనీ అయితే జనవరి దాకా బాగానే ఉంటుంది, ఫిబ్రవరిలో మధ్యాహ్నం పూట షేడ్‌నెట్ కట్టాలి. ఉత్తరం వైపు మాత్రమే బాల్కనీ ఉన్నవాళ్లకి నిజం చెప్పాలంటే డేలియా వద్దు.

నాటడం

దుంప కంటే ముందు కర్ర. మూడున్నర అడుగుల వెదురు బద్దని కుండీలో ముందే గుచ్చేయండి, మొక్క ఎదిగాక గుచ్చితే అది సరిగ్గా దుంపలోంచే దిగుతుంది, మీకు తెలియను కూడా తెలియదు, వారం తర్వాత మొక్క వాడిపోతే ఎందుకో అర్థం కాదు.

కుండీలో మూడింట రెండు వంతులు మట్టి నింపి, దుంపని అడ్డంగా పడుకోబెట్టండి, కన్ను పైకి, కర్ర వైపుకి. పైన మూడు నాలుగు అంగుళాల మట్టి కప్పండి. ఒకసారి తడిపి వదిలేయండి. మొలక పైకి వచ్చేదాకా మట్టి పూర్తిగా ఎండితే తప్ప నీళ్లు పోయొద్దు. ఆకులు, వేళ్లు లేని దుంప నీళ్లు తాగలేదు, పోసినవన్నీ దాన్ని కుళ్లబెట్టడానికే. మొలక రావడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈ లోపు రోజూ తవ్వి చూడకండి. కటింగు మొక్క అయితే కవరులో ఉన్న లోతుకంటే కాస్త కిందికి పెట్టి, నాలుగు రోజులు నీడలో ఉంచి ఎండలోకి మార్చండి.

నత్తల సంగతి ఇప్పుడే చూసుకోవాలి. బెంగళూరు వానల్లో వచ్చే ఆ పెద్ద ఆఫ్రికా నత్తలు లేత డేలియా మొలకని ఒక్క రాత్రిలో మొదలంటా తినేస్తాయి. కింది అంతస్తుల వాళ్లు, ఇండిపెండెంట్ ఇళ్ల వాళ్లు రాత్రి ఎనిమిది, తొమ్మిదికి టార్చ్ పట్టుకుని వెతికి, ఏరి, ఉప్పు నీళ్ల బకెట్‌లో వేయాలి. వట్టి చేతులతో ముట్టుకోవద్దు, వాటిలో మనకి జబ్బు చేసే పరాన్నజీవులుంటాయి, గ్లౌజులో ప్లాస్టిక్ కవరో తొడుక్కోండి.

నీళ్లు

మొక్క అడుగు ఎత్తు వచ్చాక దాహం పెరుగుతుంది. వేలు రెండు గణుపుల దాకా మట్టిలో పెట్టి చూడండి, పొడిగా ఉంటే అడుగు రంధ్రాల్లోంచి కారేదాకా పోయండి, తడిగా ఉంటే రేపు చూడండి. ఆకుల మీద కాదు, మొదట్లో. కింది ఇంటివాళ్ల బాల్కనీలోకి కారుతుందని పళ్లెం పెడతారు కదా, అరగంట తర్వాత అందులో మిగిలిన నీళ్లు పారబోయండి.

కావేరి నీళ్లయితే ఇబ్బంది లేదు. బోరు నీళ్లూ ట్యాంకరు నీళ్లూ ఉప్పదనం ఎక్కువ, కుండీ అంచుల్లో తెల్లగా పేరుకుంటుంది, ఆకుల కొసలు మాడతాయి. అలాంటి చోట నెలకోసారి కుండీని వాన నీళ్లతోనో మంచి నీళ్లతోనో బాగా పారేలా తడిపి ఉప్పుని కడిగేయాలి. ఆర్వో మెషిన్ వదిలే నీళ్లు గచ్చు కడుక్కోవడానికి వాడండి, డేలియాకి వద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం నిరభ్యంతరంగా పోయొచ్చు.

చిగురు తుంచడం

ఇది చేయడానికి అందరికీ చెయ్యి రాదు. మొక్క అడుగు ఎత్తు ఎదిగి, నాలుగు జతల ఆకులు వేసి కళకళలాడుతుంటే, నడిచిగురుని నాలుగో జత పైన గిల్లేయాలి. గిల్లకపోతే ఒకే కాడ నిలువుగా పోయి, ఒక పువ్వు పూసి, గాలికి విరుగుతుంది. గిల్లిన పది రోజుల్లో ప్రతి ఆకు పంగలోంచీ రెమ్మ వస్తుంది, ఒక కాడ బదులు ఆరో ఎనిమిదో కాడలు, అన్నిటికీ పూలు. చిన్న పూల రకాలకి ఎన్ని రెమ్మలొస్తే అన్నీ ఉంచండి. భారీ రకాలకి నాలుగైదు బలమైనవి ఉంచి తక్కినవి తీసేయండి.

రెమ్మలు ఎదుగుతున్న కొద్దీ పాత కాటన్ చీర అంచు చీరిన పీలికతోనో జనపనారతోనో కర్రకి ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. డేలియా కాడ లోపల బోలు, బిగించి కడితే అక్కడే తెగుతుంది.

ఎరువులు

నత్రజని ఎక్కువైతే మొక్క పచ్చగా, ఏపుగా, చూడముచ్చటగా పెరుగుతుంది, పూలు మాత్రం ఉండవు. చిగురు తుంచిన వారానికి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ వరసగా ఎంత శాతమో ఈ అంకెలు చెప్తాయి) లీటరు నీళ్లకి 2 గ్రాములు, పదిహేను రోజులకోసారి, రెండు సార్లు చాలు. కెమికల్స్ వద్దనుకునేవాళ్లు పల్లి చెక్క ఒక గుప్పెడు లీటరు నీళ్లలో నాలుగు రోజులు నానబెట్టి, పది రెట్లు నీళ్లు కలిపి పోయండి. వాసన మామూలుగా ఉండదు, అపార్ట్‌మెంట్‌లో అయితే పక్కింటి అక్కకి ముందే చెప్పుకోండి.

శనగగింజంత మొగ్గలు కనపడగానే పొటాష్‌కి మారాలి. 13:0:45 గానీ 0:0:50 గానీ లీటరుకి 2 గ్రాములు, రెండు వారాలకోసారి, పూలు అయ్యేదాకా. మట్టి ఎండి ఉన్నప్పుడు ఏ ఎరువు నీళ్లూ పోయొద్దు, ముందు మామూలు నీళ్లు, తర్వాతే ఎరువు.

మొగ్గల దగ్గర పని

ప్రతి రెమ్మ చివరా మూడు మొగ్గలు వస్తాయి, మధ్యది పెద్దది, అటూ ఇటూ చిన్నవి. పెద్ద పువ్వు కావాలంటే పక్కవి రెండూ బఠాణీ గింజంత ఉండగానే గోటితో తీసేయండి. ఎక్కువ పూలు చాలనుకుంటే వదిలేయండి. పియోనీ లాంటి నిండుదనం కోసం వచ్చిన వాళ్లు మాత్రం తీయాల్సిందే.

వాడిన పూలు ఎప్పటికప్పుడు కోసేయాలి, లేకపోతే మొక్క విత్తనం కట్టే పనిలో పడి కొత్త మొగ్గ వేయదు. ఇక్కడ కొత్తవాళ్లు తికమక పడతారు, రేకులు రాలిన పాత పువ్వూ విచ్చుకోని కొత్త మొగ్గా దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. దగ్గరగా చూడండి: కొత్త మొగ్గ గుండ్రంగా, పైన చదునుగా, నొక్కితే గట్టిగా ఉంటుంది. పాతది కోలగా, కొస మొనతేలి, నొక్కితే మెత్తగా, ఒక్కోసారి చెమ్మగా తగులుతుంది. మొన ఉన్నది కత్తెరకి, గుండ్రంగా ఉన్నది మొక్కకి. కోసేటప్పుడు పువ్వు మెడ దగ్గర కాకుండా కింద ఆకుల జత దాకా కాడతో కోయండి.

కూజాలో పెట్టడానికి అయితే ముప్పావు వంతు విచ్చుకున్నాక, పొద్దున్నే కోయాలి. మొగ్గగా కోస్తే డేలియా కూజాలో విచ్చుకోదు. కాడలని 70 డిగ్రీల వేడి నీళ్లలో, అంటే మరగకుండా బాగా పొగలు వచ్చే నీళ్లలో, రెండంగుళాలు మునిగేలా పెట్టి చల్లారేదాకా ఉంచి, తర్వాత మామూలు నీళ్లలోకి మార్చండి. నాలుగైదు రోజులు నిలుస్తాయి. రోజూ నీళ్లు మార్చాలి.

తెగుళ్లు, పురుగులు

డిసెంబరు, జనవరుల్లో బెంగళూరు డేలియాకి బూడిద తెగులు రాకుండా ఉండదు, కింది ఆకుల మీద తెల్లటి పొడి చల్లినట్టు కనిపిస్తుంది. మొక్కల మధ్య గాలి ఆడేలా ఎడం ఉంచి, కింద అడుగు దాకా ఆకులు తీసేస్తే సగం పోతుంది. మిగతాదానికి నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 2 గ్రాములు, సాయంత్రం చల్లండి. వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి.

మొగ్గల మీద పేనుబంక ముసురుకుంటే పైపుతో గట్టిగా నీళ్లు కొడితే చాలాసార్లు అంతటితో సరి. రేకుల అంచులు గోధుమరంగులోకి మారి పువ్వు వంకరగా విచ్చుకుంటే తామర పురుగులు, ఫిబ్రవరిలో ఆకుల వెనక సన్నటి బూజు, పైన చుక్కలు చుక్కలుగా పాలిపోతే ఎర్రనల్లి. రెండిటికీ వేపనూనె 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల లిక్విడ్ సోప్, లీటరు నీళ్లు, వారానికోసారి మూడు వారాలు, ఆకు వెనక తడిసేలా. ఆకుల్లో పసుపు గీతలు, మచ్చలు, మొక్క గిడసబారిపోవడం ఇవన్నీ కలిసి కనిపిస్తే అది వైరస్, మందు లేదు, దుంపతో సహా చెత్తలో వేయండి. కంపోస్ట్‌లో కాదు.

ఇంట్లో కుక్క గానీ పిల్లి గానీ ఉంటే కుండీలు వాటికి అందకుండా పెట్టండి, డేలియా నమిలితే వాటికి కడుపు పాడవుతుంది.

దుంప తీయడం, దాచడం

మార్చి వచ్చేసరికి ఆకులు పసుపు రంగుకి తిరుగుతాయి. ఏదో జబ్బనుకుని ఎరువులు పోస్తారు చాలామంది, అక్కర్లేదు, దానికి నిద్ర వస్తోంది. నీళ్లు తగ్గిస్తూ పోయి, మార్చి నెలాఖరుకి ఆపేయండి. కాడలు ఎండాక నాలుగైదు అంగుళాలు ఉంచి కోసేసి, పది రోజులాగి కుండీని పక్కకి పడుకోబెట్టి మొత్తం మట్టి గడ్డతో సహా బయటికి లాగండి. గడ్డపార, తవ్వుగోల వాడితే దుంప మెడలు విరుగుతాయి.

మంచు పడే ఊరు కాదు కదా, కుండీలోనే వదిలేయొచ్చుగా అంటారు. ఇక్కడ భయం మంచుతో కాదు, ఏప్రిల్‌లో పడే మామిడి జల్లులతో. నిద్రలో ఉన్న దుంప మీద రెండు గట్టి వానలు పడితే కుళ్లిపోతుంది. కుండీలోనే ఉంచాలనుకుంటే చినుకు పడని మెట్ల కిందికో కప్పు కిందికో మార్చండి, అప్పుడు తవ్వే పనే లేదు, మొదటి ఏడాది చిన్న దుంపలకి నేను చెప్పే దారి ఇదే.

తవ్వితే మట్టి కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టి, అట్టపెట్టెలో పొడి కోకోపీట్‌లో పాతిపెట్టి చల్లటి, చీకటి మూల ఉంచండి. ప్లాస్టిక్ డబ్బా మూత పెట్టొద్దు. పెట్టె మీద రకం పేరు, రంగు మార్కర్‌తో రాయండి, తవ్వాక అన్ని దుంపలూ ఒకేలా ఉంటాయి. నెలకోసారి చూసి, మెత్తబడినవి తీసేయండి, మరీ ముడుచుకుపోతుంటే కాసిని నీళ్లు చిలకరించండి.

ఆగస్టు మొదట్లో పెట్టె తెరిచి దుంపల గుత్తిని తడి కోకోపీట్‌లో మెడ దాకా పెడితే కళ్లు ఉబ్బుతాయి. అప్పుడు విడదీయడం తేలిక, ప్రతి ముక్కకీ కనీసం ఒక కన్నూ ఒక దుంపా ఉండేలా పదునైన, కడిగిన కత్తితో కోసి, కోసిన చోట ఫంగిసైడ్ పొడి అద్ది ఒక రోజు ఆరనివ్వండి. విడదీయకుండా ఇంకాస్త ఆగితే మొలకలు మూడంగుళాలొస్తాయి, వాటిని దుంపకి కొద్దిగా పైన కోసి, కింది ఆకులు తీసి, సగం ఇసుక సగం కోకోపీట్‌లో గుచ్చి నీడలో పెడితే రెండు మూడు వారాల్లో వేళ్లు దిగుతాయి. కోసిన చోట దుంప మళ్లీ మొలకలేస్తుంది, అంటే ఒక్క దుంప నుంచే సెప్టెంబరుకి నాలుగైదు కుండీలు తయారవుతాయి. ఈ కటింగు మొక్కలు కూడా ఆ సీజన్‌లోనే పూసి, మార్చికల్లా కింద సొంత దుంపలు కట్టుకుంటాయి. కిందటేడు ఆకుల్లో పసుపు గీతలు కనిపించిన మొక్క దుంప పొరపాటున పెట్టెలో ఉండిపోయి ఉంటే మాత్రం దాని నుంచి కటింగు తీయొద్దు, తీసిన కత్తితో ఇంకోదాన్ని కోయొద్దు.